సవరణ: ‘ది హే వెయిన్’ నది ఒడ్డున వేసింది కాదు

ఇంగ్లిష్ చిత్రకారుడు జాన్ కాన్‌స్టేబుల్ గురించి నిన్న రాసిన పోస్టులో పెద్ద పొరపాటు దొర్లింది, క్షమించండి. నదిలో గుర్రపు బండి కనిపించే ‘ది హే వెయిన్’ చిత్రాన్ని ఆయన ఇంగ్లండ్‌లోని స్టూర్ నది ఒడ్డునే కూర్చుని పూర్తి చేశారని రాశాను. నిజానికి 1821లో ప్రదర్శించిన ఆ చిత్రాన్ని లండన్‌లో, స్టూడియోలో వేశారు. ఆ నది ఉన్న సఫోక్ ప్రాంతంలో ఏళ్ల తరబడి గీసుకున్న చిన్న స్కెచ్‌లే ఆధారం. ముందుగా అదే సైజులో, అంటే ఆరడుగుల వెడల్పుతో, ఆయిల్ స్కెచ్ కూడా వేసుకున్నారు! గుర్రాల మెడ దగ్గర ఎర్రటి పట్టీలు, ఒడ్డున బండి వైపు చూస్తున్న కుక్క... ఇంత సజీవంగా ఉంటే ఎదురుగా చూస్తూ వేశారనే అనుకున్నాను.

ఆరుబయట వేసినవి లండన్ హాంప్‌స్టెడ్‌లోని మేఘాల స్టడీలు, అంటే పరిశీలన కోసం వేసుకున్న చిన్న చిత్రాలు. చాలావాటి వెనక తేదీ, వేళ, గాలి వీచే దిక్కు కూడా రాసిపెట్టుకున్నారు. నేను ఆ రెంటినీ కలిపేశాను. పాత పోస్టులో ఆ పేరా మార్చాను.