లింక్ పంపిస్తే ఫ్లిప్ అయిపోదు సార్

ఈమధ్య ఏ ఫ్యాకల్టీ వర్క్‌షాప్‌కి వెళ్లినా ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ మాటే. పాఠం ముందే వీడియోలో చూసి రావాలి, క్లాసులో ప్రాక్టీస్ చెయ్యాలి, వినడానికి బానే ఉంది. తీరా మన డిగ్రీ, ఇంజనీరింగ్ కాలేజీల్లో జరిగేది ఏంటంటే, రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో ఓ యూట్యూబ్ లింక్ పడేయడం, పొద్దున వచ్చి "అందరూ చూశారా" అనడం, చూడనివాళ్లే ఎక్కువ కాబట్టి అదే పాఠం బోర్డు మీద మళ్లీ మొదలెట్టడం. చూసొచ్చిన నలుగురికీ విషయం అర్థమైపోతుంది, వచ్చే వారం వాళ్లూ చూడరు.

అమెరికాలోని కొలరాడోలో 2007లో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు క్లాసు మిస్సయిన పిల్లల కోసం పాఠాలు రికార్డు చేయడంతో ఈ పద్ధతి పాపులర్ అయింది. కెమిస్ట్రీ సంగతేమో గానీ నన్నడిగితే ఇది అచ్చంగా ఇంగ్లిష్‌కే సరిపోయేది. గ్రామర్ రూల్ ఫోన్లో ఎవరైనా చెప్తారు, మాట్లాడ్డానికి మాత్రం ఎదురుగా మనిషి కావాలి. హాస్టల్ రూములో ఇంగ్లిష్ మాట్లాడితే పక్కోడు నవ్వుతాడు. క్లాసులో 60 మంది ఉంటారు, అక్కడేమో మనమే వాళ్లని నోరు మూసుకుని కూర్చోమంటాం!

ఇంకో మాట, చాలామంది మేధావులకు నచ్చదు. ఆ వీడియో తెలుగులో ఉండాలి. ఆంధ్రాలో 2021-22 నుంచి డిగ్రీ మొత్తం ఇంగ్లిష్ మీడియం చేశారు, ఇంటర్ దాకా తెలుగులో చదివిన పిల్లకి ప్రెజెంట్ పర్ఫెక్ట్ గురించి అమెరికన్ యాసలో ఇరవై నిమిషాల వీడియో ఇస్తే రెండో నిమిషంలోనే ఆపేస్తుంది. "ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్డే" ఎందుకు తప్పో ఆరు నిమిషాల్లో తెలుగులో చెప్పేయండి. క్లాసులో మాత్రం ఒక్క తెలుగు ముక్క వద్దు, ఒకరు పర్సు పోగొట్టుకున్నోడు, ఇంకొకరు పోలీసు, ఎప్పుడు చూశావ్, ఎక్కడ పెట్టావ్ అని అడగాలి. వీడియో చూడనోళ్లు వెనక బెంచీలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అప్పుడే చూస్తారు, వాళ్ల కోసం పాఠం మళ్లీ చెప్పకూడదు, అంతే. మొదటి రెండు వారాలు క్లాసు సంతలా ఉంటుంది, పక్క సెక్షన్ మేడం కంప్లైంట్ కూడా చేస్తుంది.

అసలు చిక్కు పరీక్షది. సెమిస్టర్ పేపర్లో లెటర్ రైటింగ్, ఖాళీలు పూరించడం, ప్యాసేజీ చదివి జవాబులు రాయడం ఇవే ఉంటే, పర్సు పోయిన డైలాగులకి మార్కులెక్కడివి? మాట్లాడ్డం ప్రాక్టీస్‌కి లాంగ్వేజ్ ల్యాబ్ ఉందిగా అంటారు, ఉంది, చాలాచోట్ల అక్కడ కూడా చేసేది రికార్డు పుస్తకం రాయడమే.

2021లో యూజీసీ, అంటే యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ, ఓ కోర్సులో 40 శాతం దాకా ఆన్‌లైన్‌లో చెప్పుకోవచ్చని బ్లెండెడ్ లెర్నింగ్ నోట్ ఇచ్చింది. కాగితం మీద దారి ఉన్నట్టే. కానీ ఆరు నిమిషాల వీడియోకి సాయంత్రం మొత్తం పోతుంది, ఆ గంటలు వర్క్‌లోడ్‌లో కలపమంటే తలూపిన ప్రిన్సిపాల్ గురించి నేనైతే ఇంకా వినలేదు.