కౌన్సెలర్ ఏడీ?

సికింద్రాబాద్‌లో సరోగసీ ముసుగులో శిశు విక్రయాల ఆరోపణలు 2025 జులైలో గుప్పుమన్నాక సంతాన సాఫల్య కేంద్రాలపై తనిఖీల హడావుడి చూశాం. రిజిస్ట్రేషన్ ఉందా, రికార్డులు సరిగ్గా ఉన్నాయా అని ఆరా తీశారు. మంచిదే. కౌన్సెలర్ ఏడీ అని అడిగిన అధికారి మాత్రం మాకు కనిపించలేదు.

సంతాన సాఫల్య చికిత్సలను నియంత్రించే 2021 నాటి ఏఆర్‌టీ చట్టం దంపతులకు కౌన్సెలింగ్ ఇచ్చి తీరాలంటోంది. అందులో ఏం చెప్పాలో కూడా రాసింది: విజయావకాశాలు, ఖర్చు, దుష్ప్రభావాలు, ఒకే కాన్పులో ఇద్దరు ముగ్గురు పుట్టే ముప్పు. దిగులు, కుంగుబాటు ఊసు ఆ జాబితాలో లేదు. ఇక ఆ చట్టం కింద వచ్చిన 2022 నిబంధనల ప్రకారం కౌన్సెలర్ సైకాలజీయే చదివి ఉండక్కర్లేదు. నర్సింగ్, లైఫ్ సైన్సెస్ డిగ్రీ అయినా సరిపోతుంది. అంటే జువాలజీలో బీఎస్సీ చేసినవారిని కూర్చోబెట్టినా నిబంధన నెరవేరినట్టే! మనసు సంగతి చూడమని కాదు, చూశామని రాసుకోమన్నట్టుంది ఈ ఏర్పాటు.

40 ఏళ్లు నిండకముందే అండాశయాలు చేతులెత్తేసిన మహిళల విషయంలో ఈ కపటం క్రూరత్వమే. నూటికి ఒక్కరికి వచ్చే సమస్య అని మొన్నటిదాకా చెప్పేవారు. 2024లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు దాన్ని 3.5 శాతంగా లెక్కగట్టాయి. కొందరికి క్యాన్సర్ చికిత్స వల్ల, కొందరికి క్రోమోజోముల లోపం వల్ల వస్తుంది. చాలామందికి కారణమే తెలియదు. కారణం తెలియని చోట నింద ఎవరి మీద పడుతుందో మన ఇళ్లలో ఎవరికి తెలియదు? పాతికేళ్లకే ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టని రాత్రులు, ‘ఇంకా విశేషమేమీ లేదా’ అనే పేరంటాళ్లు. ఈ మహిళల్లో కుంగుబాటు, ఆందోళన ఎక్కువని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నదే.

అలాంటి మనిషి చేతిలో అండాల నిల్వ ఎంతుందో చెప్పే ఏఎంహెచ్ రక్తపరీక్ష రిపోర్టు పెట్టి ‘డోనర్ ఎగ్‌కు (మరో మహిళ దానం చేసిన అండానికి) వెళ్లండి’ అనేసి పక్క గదికి పంపిస్తే, అక్కడ ఆమెకు ఎదురయ్యేది ప్యాకేజీ బ్రోచరు, ఈఎంఐ పట్టిక, సంతకం పెట్టాల్సిన చోటల్లా పెన్సిల్‌తో టిక్కు పెట్టిన ఫారాలు. ‘అత్తగారికి చెప్పకండి’ అన్న ఉచిత సలహా ఒకటి. తన పోలికలు రాని బిడ్డను కనడానికి మనసు సిద్ధమైందా అని అడిగే నాథుడు లేడు. ఫైలులో మాత్రం ‘కౌన్సెలింగ్ పూర్తయింది’ అని ఉంటుంది.

సైకాలజిస్టులు దొరకడం లేదని, ఖర్చు పెరిగి చివరికి ఆ భారం దంపతుల మీదే పడుతుందని యాజమాన్యాలు అంటున్నాయి. కొరత నిజమే. హోర్డింగులకు లేని కొరత దీనికే ఎందుకొచ్చిందన్నది మా ప్రశ్న.

ప్రభుత్వాల తీరూ అంతే. మానసిక అనారోగ్యానికి మిగతా జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. సంతానలేమి చికిత్సను మాత్రం సాధారణ బీమా పాలసీల్లో మినహాయింపుల కింద పెట్టుకోనిస్తున్నారు. గాంధీ ఆస్పత్రిలో 2023లో ప్రభుత్వ ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ) కేంద్రం తెరిచారు. మానసిక వైద్య విభాగం ఉన్న బోధనాస్పత్రి అది. అండాశయాలు ముందే చేతులెత్తేసి అక్కడికొచ్చే ఈ మహిళలందరినీ చికిత్స మొదలుపెట్టకముందే ఒకసారి, ఒక విడత చికిత్స (సైకిల్) ఫెయిలైతే మరోసారి ఆ విభాగానికి పంపాలని ఒక్క ఉత్తర్వు ఇవ్వడానికి ఏం అడ్డం? పిల్లల ఆలోచన మానుకున్నా 50 ఏళ్ల వరకు హార్మోన్ మందులు వాడాల్సిన వాళ్లు వీళ్లు. ఆశ వదులుకున్న రోజునుంచి వాళ్లను పట్టించుకునే విభాగమంటూ ఒకటుండాలి కదా.

ప్రైవేటు కేంద్రాలకు వేరే మందు కావాలి. డోనర్ ఎగ్ అంగీకారపత్రం మీద సంతకానికి ముందు, ఆ కేంద్రం జీతం తీసుకోని సైకాలజిస్టు మహిళతో విడిగా, భర్తతో విడిగా మాట్లాడి తీరాలి. కాదంటే అధికారులారా, రిజిస్ట్రేషన్ రద్దు చేయండి. ఆ అధికారం మీ చేతిలోనే ఉంది. మరో కుంభకోణం బయటపడేదాకా అది వాడరాదని చట్టంలో ఎక్కడా రాసి లేదు.