కోకాపేటలో ఒక ఎకరం జొన్న

జెర్సీ సిటీలో పనిచేసిన ఆరేళ్లూ మధ్యాహ్నం పూట డబ్బా పట్టుకుని హడ్సన్ ఒడ్డున కూర్చునేదాన్ని. ఎదురుగా అవతలి గట్టు మీద బ్యాటరీ పార్క్ సిటీ అద్దాల మేడలు. ఆ మేడలున్న చోట ఒక వేసవంతా గోధుమ చేను ఊగిందని నాకు ఆ ఉద్యోగం మానేశాక గానీ తెలియలేదు. 2019లో న్యూయార్క్‌లోని ‘ద షెడ్’ కళాకేంద్రంలో ఆగ్నెస్ డెనెస్ అనే కళాకారిణి ప్రదర్శనకు ఒక స్నేహితురాలు లాక్కెళితే, అక్కడ గోడ మీద ఫొటో: మెడదాకా పచ్చటి పంట, దాని వెనక జంట టవర్లు.

1982 నాటి సంగతి. వరల్డ్ ట్రేడ్ సెంటర్ పునాదులు తవ్విన మట్టీ రాళ్లూ పోసి నదిని పూడ్చిన చోటు అది. వాల్ స్ట్రీట్‌కు రెండు వీధుల దూరం. డెనెస్ అక్కడ రెండెకరాల్లో చెత్త ఏరించి, రెండు వందల ట్రక్కుల మట్టి తోలించి, చేత్తో 285 సాళ్లు తీయించి గోధుమలు వేసింది. మేలో విత్తి ఆగస్టులో కోసింది. దిగుబడి వెయ్యి పౌండ్ల పైచిలుకు, అంటే దాదాపు నాలుగున్నర క్వింటాళ్లు.

మొయినాబాద్ దగ్గర ఉండే మా చిన్నాయనకు ఈ లెక్క చెబితే పడీపడీ నవ్వాడు. “రెండెకరాలకు నాలుగున్నర క్వింటాళ్లా! కూలి గూడ ఎల్లదు గద బిడ్డా.”

ఎల్లదు. ఆ నేల ఖరీదు 450 కోట్ల డాలర్లని ఆవిడే రాసుకుంది. అంత ఖరీదైన చోట గోధుమలు పండించడం తెలివితక్కువ పనని ఆవిడకు తెలియక కాదు. ఎందుకు తెలివితక్కువ పని అయిందో చూసేవాళ్లే చెప్పుకోవాలని వేసింది.

ఆవిడ బతుకులో నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం గోధుమలు కాదు. 1931లో బుడాపెస్ట్‌లో పుట్టింది. యుద్ధం వల్ల కుటుంబం స్వీడన్ చేరింది, అక్కడి నుంచి అమెరికా. చిన్నప్పుడు కవిత్వం రాసేది. దేశం మారిన ప్రతిసారీ భాష మారడంతో కవిత్వం చేజారింది; చేతులు బొమ్మల వైపు, తర్వాత మట్టి వైపు మళ్లాయి. 1968లో న్యూయార్క్ రాష్ట్రంలోని సలివన్ కౌంటీలో ఆవిడ చేసిన పనిలో మూడు ముక్కలున్నాయి: వరి విత్తనం వేసింది, చెట్లకు గొలుసులు చుట్టింది, తన హైకూలను గోతిలో పాతిపెట్టింది.

ఆవిడ భాష మారి మాటలు పోగొట్టుకుంది. నేను భాష మారకుండానే పోగొట్టుకున్నాను. చెలక, పడావు, కుంట, మడి, కంచ. మా నాయనమ్మ రోజుకు పదిసార్లు వాడిన మాటలివి. ఇప్పుడు హైదరాబాద్ ఫోన్ కలిపితే నాకు వినిపించేవి గజం, వెంచర్, లేఅవుట్, ఫేసింగ్. 2025లో కంచ గచ్చిబౌలి నాలుగు వందల ఎకరాల కోసం విద్యార్థులు రోడ్డెక్కారు, చెట్లు కొట్టడం ఆపమని సుప్రీంకోర్టు చెప్పింది. మన న్యూజెర్సీ సంఘం వాట్సాప్ గ్రూపులో సగం మంది దాన్ని ‘కంచె’ అని రాశారు. ఒకాయన ‘అది ఊరి పేరా?’ అని అడిగాడు. కంచ అంటే పశువులు మేసే బీడు అని చెప్పడానికి నేనూ ఒక నిమిషం ఆగాల్సి వచ్చింది.

ఇందులో నేను వేరెవరినో తప్పుపట్టలేను. శంకర్‌పల్లి రోడ్డు లోపల నాకూ 267 గజాలున్నాయి. వెళ్లినప్పుడల్లా హద్దురాయి పక్కన నిలబడి ఫొటో దిగి వస్తాను. ఆ మట్టి ఎర్రదో నల్లదో అని మా అమ్మాయి అడిగితే ఫొటో తీసి చూసుకున్నాను. 2023లో హైదరాబాద్ పక్కన కోకాపేట భూముల వేలంలో ఎకరం వంద కోట్లు దాటిందన్న రోజు మన గ్రూపులో వచ్చిన చప్పట్ల బొమ్మల్లో నాదీ ఉంది.

డెనెస్ చేసిన ఇంకో పెద్ద పని ఫిన్లాండ్‌లో ఉంది. 1992-96 మధ్య, కంకర తవ్వి వదిలేసిన చోట గుట్ట పోయించి, పదకొండు వేల మందితో పదకొండు వేల పైన్ చెట్లు నాటించింది. ఒక్కో చెట్టు ఒక్కొక్కరి పేర, వాళ్ల తర్వాత పిల్లల పేర, నాలుగు వందల ఏళ్లపాటు. నిజం చెప్పాలంటే నాకు ఇది అంతగా ఎక్కలేదు. చెట్టుకో పేరూ పత్రమూ అంటే మన గుళ్లలో దాతల పేర్ల ఫలకాలు గుర్తొస్తాయి. కానీ కంకర గుంత దగ్గర మొదలుపెట్టడం బాగుంది. 250 కోట్ల ఏళ్ల బండలను క్రషర్‌లో వేసి మన మేడలకు కంకర చేసుకున్న నగరం మనది. వాటిని కాపాడాలని 1996లోనే అక్కడ ఒక సంఘం పెట్టుకోవాల్సి వచ్చింది.

నేను అడిగేది చిన్న పని. మన సంఘం ఏటా ఊళ్లకు డబ్బు పంపుతుంది. మంచినీటి ప్లాంట్ల జోలికి నేను పోను. స్వాగత తోరణాల డబ్బు మాత్రం ఒక్క ఏడాది పక్కన పెడదాం. రేటు కోసం తుమ్మలు మొలిపించుకుంటూ ఖాళీగా ఉన్న జాగాలు మన సభ్యుల్లోనే ఎందరికో ఉన్నాయి. కోకాపేట మేడల నడుమ అలాంటి ఎకరం ఒకటి, ఒక్క పంటకాలం కోసం అడిగి తీసుకుని జొన్న వేద్దాం.

కార్యవర్గంలో ఒకరు ‘అది షో అవుతుంది కదండీ’ అన్నారు. అవుతుంది. తోరణం కాదా? డెనెస్ చేను కూడా నాలుగు నెలల షోనే, తర్వాత మేడలు రానే వచ్చాయి. ఆఫీసు బస్సులో పోయేవాడు కిటికీలోంచి కంకి చూసి ‘ఇక్కడ ఇదేంటి’ అనుకుంటే నాకు చాలు. ఇంకో స్వార్థం కూడా ఉంది. జొన్నచేలో కలుపుగా గునుగు మొలుస్తుంది. న్యూజెర్సీ హాల్లో మనం ప్లాస్టిక్ పూలతో పేర్చే బతుకమ్మకు అసలు పువ్వు అది. చెలకలు పోతే అదీ పోతుంది. అది కొట్లో దొరికే పువ్వు కాదు, ఒకరి చేలో కలుపు.

ఇదంతా చెప్పి, విత్తనాలు ఎన్ని కావాలని చిన్నాయనకు ఫోన్ చేశాను. ఈసారి నవ్వలేదు.

“మిరుగుల ఏస్తే ఎకరానికి నాలుగు కిలోలు సాలు. అది గాదు గని బిడ్డా, కంకి పాలు వట్టినంక పిట్టలను ఎవలు కొడ్తరు? నువ్వు అమెరికాల ఉంటివి.”

నా దగ్గర జవాబు లేదు. సెప్టెంబరులో రెండు వారాలు సెలవు దొరికి, మంచె ఎక్కగలిగిన సభ్యులెవరైనా ఉంటే చెప్పండి. వడిసెల తిప్పడం చిన్నాయన నేర్పుతానన్నాడు.