సాఫ్ట్‌వేర్‌కు అంజనం వేయు విధానం

లెక్క తప్పు పడినప్పుడు సంప్రదాయం ప్రకారం ముందు మనిషిని పట్టుకోవాలి. కోడ్ ఎక్కడికీ పారిపోదు, మనిషి పారిపోవచ్చు.

గుంటూరులో ఒక మిర్చి కమీషన్ కొట్టు ఉందనుకుందాం. అర్ధరాత్రి దాటాక లారీలొస్తాయి, టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతాయి, సరుకు దిగిన చీటీ కంప్యూటర్‌లో కొడతారు. ఆ చీటీల్లో కొన్నిటి మీద 12వ తేదీకి బదులు 11వ తేదీ పడుతోంది. అన్నిటి మీదా కాదు. దాంతో నిన్నటి ఖాతాలో 62 టిక్కీలు ఎక్కువ, ఇవాళ్టి ఖాతాలో 62 తక్కువ. అంజనానికి ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదు.

అంజనం వేసేవారు ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు, కాస్త సీనియర్ అయి ఉంటారు. స్క్రీన్ వైపు చూడకుండా, టీ గ్లాసు వైపు చూస్తూ, "నాకెందుకో ఆ రాత్రి డ్యూటీ కుర్రాడి మీదే అనుమానంగా ఉందండీ" అంటారు. కుర్రాణ్ణి పగటి డ్యూటీకి మారుస్తారు. తేదీ మాత్రం మారదు. రెండో అంజనంలో మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత ఉండే బ్యాటరీ కనిపిస్తుంది: అది అయిపోయి గడియారం వెనక్కి నడుస్తోందట. మధ్యాహ్నం కొత్తది వేస్తారు. సాయంత్రం చీటీలన్నీ చక్కగా వస్తాయి. సాయంత్రం చీటీలు మొదట్నుంచీ చక్కగానే వస్తున్నాయన్న సంగతి ఎవరూ అడగరు గనక ఘనత బ్యాటరీకే దక్కుతుంది. మర్నాడు తెల్లారేసరికి మళ్ళీ పాత కథే. ఇక మూడోది దిష్టి తీయడం, అంటే సర్వర్ ఆపి మళ్ళీ వేయడం. దానికి వాదన అక్కర్లేదు.

తర్కానికి మన దగ్గర గౌరవం తక్కువ కావడానికి కారణముంది. చూడ్డానికి అది గుమాస్తా పనిలా ఉంటుంది. తప్పు పడిన చీటీలు ఓ 40 తీసి, ఒక్కోదానికీ కొట్టిన గంట, కొట్టిన మనిషి, కొట్టిన కంప్యూటర్ పక్కపక్కన రాసి, గంట ప్రకారం పేర్చాలి. ఒప్పు పడినవి కూడా ఓ 40 పక్కన పెట్టాలి. ఈ రెండో పని దాదాపు ఎవరూ చేయరు. రోగుల్ని మాత్రమే చూసేవాడికి అందరూ అన్నమే తింటున్నట్టు తెలుస్తుంది, అన్నమే రోగమని తేలుతుంది. మన పట్టీలో తప్పు చీటీలన్నీ రాత్రి 12:04కీ తెల్లారి 5:27కీ మధ్యవే. అదే కుర్రాడు, అదే కంప్యూటర్ మీద, 5:33కి కొట్టిన చీటీ ఒప్పు.

ఇక్కడ మళ్ళీ ఊహ ప్రవేశిస్తుంది, ఈసారి మంచి దుస్తుల్లో. అయిదున్నర అనగానే ఈ వృత్తిలో నలిగినవాళ్ళెవరైనా కుర్చీలో నిటారుగా కూర్చుంటారు. మన గడియారం యూటీసీ కంటే, అంటే కంప్యూటర్లు ఆధారంగా పెట్టుకునే గ్రీనిచ్ వేళ కంటే, అయిదున్నర గంటలు ముందుంటుంది. తేదీ కావాలని జావాస్క్రిప్ట్ భాషలో, సమయాన్ని అక్షరాల్లో రాసిచ్చే టుఐఎస్ఓస్ట్రింగ్ అనే ఆదేశాన్ని పిలిచి, వచ్చినదాంట్లో మొదటి పది అక్షరాలు కత్తిరించుకున్నారన్నమాట. అది ఇచ్చేది యూటీసీ సమయం. 12వ తేదీ తెల్లారి 4:40 అంటే యూటీసీలో ఇంకా 11వ తేదీ రాత్రి 11:10. కంప్యూటర్ అబద్ధమాడలేదు, గ్రీనిచ్ వైపు నుంచి చూసి నిజమే చెప్పింది.

ఇదీ అనుమానమే, కుర్రాడి మీద పెట్టుకున్నదీ అనుమానమే. అయితే దీన్ని పరీక్షకు కూర్చోబెట్టవచ్చు: టెస్ట్ సర్వర్‌లో 5:29కి ఒక చీటీ, 5:31కి ఒక చీటీ కొట్టండి. మొదటిది తప్పు, రెండోది ఒప్పు పడకపోతే ఊహ వీగిపోయినట్టే. "నాకెందుకో అనిపిస్తోంది"ని ఇలా ఓడించే చీటీ ఏదో చెప్పమంటే అంజనంవారికి కోపమొస్తుంది.

రోగం తెలిశాక మందు వేయడంలో మనకు తొందరెక్కువ. "దానికేముంది, అయిదున్నర గంటలు కలిపేద్దాం." కలుపుతారు. నడుస్తుంది. కొన్నాళ్ళకి ఇంకెవరో మంచి మనసుతో అక్కడ యూటీసీ తీసేసి భారత కాలమానం పెడతారు. కలిపే లైను అలాగే ఉంటుంది, సమయం రెండుసార్లు ముందుకెళుతుంది. ఇప్పుడు సాయంత్రం 6:30 దాటాక దిగిన లారీలన్నీ రేపటి తేదీలో దిగుతాయి. తెల్లవారుజాము జ్వరం సాయంత్రానికి మారింది గనక పగటి డ్యూటీలో ఉన్న ఆ కుర్రాడి మీదే మళ్ళీ చూపు పడుతుంది. సమయాన్ని యూటీసీలోనే దాచి, తేదీ చూపించాల్సిన చోట ఏషియా/కోల్‌కతా అని మన టైమ్‌జోన్ పేరు చెప్పి, లైబ్రరీనే (ముందే రాసిపెట్టి ఉన్న కోడ్‌నే) లెక్క వేయనివ్వడం రెండు లైన్ల పని. చిన్న పని కాబట్టే ఎవరికీ నచ్చదు.

అంజనంవారినే అంటే తర్కపండితులకు పొగరొస్తుంది. వారి సంగతీ చూద్దాం. గుంటూరు బ్రాడీపేట నాలుగో లైనులో పద్నాలుగో అడ్డరోడ్డు కావాలంటే ఎవరూ మొదటి అడ్డరోడ్డు నుంచి లెక్కపెట్టుకుంటూ నడవరు. మధ్యలో ఆటో దిగి, బోర్డు చూసి, మిగిలిన సగంలోకి పోతారు. దీన్నే బైనరీ సెర్చ్ అంటారు. 1946 నాటికే, తొలి కంప్యూటర్లు కట్టినవారిలో ఒకరైన జాన్ మాక్లీ చెప్పిన పద్ధతి, పాఠ్యపుస్తకాల్లో రుజువులతో సహా ఉన్న పద్ధతి. మధ్య ఎక్కడో తెలియడానికి మొదలూ చివరా కలిపి రెండుతో భాగించాలి, ఇందులో తప్పేముంటుంది? 2006లో జాషువా బ్లాక్ అనే ప్రోగ్రామర్ అందరికీ చెప్పిందేమిటంటే, జావా అనే ప్రోగ్రామింగ్ భాష లైబ్రరీలో తాను రాసిన ఆ లైనే దాదాపు తొమ్మిదేళ్ళుగా తప్పని. 32 బిట్ల పూర్ణాంకంలో పట్టే పెద్ద సంఖ్య 2,14,74,83,647. కూడిక అది దాటితే మొత్తం రుణసంఖ్య అవుతుంది, రుణసంఖ్య నంబరున్న ఇంటికి ఏ ఆటో వెళ్ళదు. జాబితా 107 కోట్లు దాటితేనే ఇది బయటపడుతుంది కాబట్టి అన్నాళ్ళూ దాక్కుంది. చివరలోంచి మొదలు తీసేసి, దాంట్లో సగాన్ని మొదలుకి కలిపితే సరిపోతుంది. రుజువులో ఎక్కడా లోపం లేదు. కాకపోతే ఆ రుజువులోని సంఖ్యలకు అంతు లేదు, కంప్యూటర్ సంఖ్యలకు ఉంది.

తాయెత్తుల గురించి కూడా ఒక మాట. రెండు కంప్యూటర్ల మీద ఒకే క్షణంలో చీటీ కొడితే రెండిటికీ ఒకే నంబరు పడుతుంది. ఇద్దరూ ఆఖరి నంబరు చదివి, ఒకటి కలిపి, రాసుకుంటున్నారు కాబట్టి. ఏం జరుగుతోందో చూద్దామని మధ్యలో ఒక ప్రింట్ లైను పెడతారు. ప్రింట్‌కి పట్టే ఆ కాసింత ఆలస్యంతో ఇద్దరి వరసా మారిపోయి తప్పు మాయమవుతుంది. అంతే, "ఈ లైను తీయొద్దు" అని పైన రాసి, ప్రింట్‌ని శాశ్వతంగా ప్రతిష్ఠిస్తారు. నంబరిచ్చే పని డేటాబేస్‌కే అప్పగించి, ఆ గడికి యునీక్ అని, అంటే ఒకే నంబరు రెండుసార్లు పడకూడదని, కట్టు వేస్తే తాయెత్తు అక్కర్లేదు. కానీ నడుస్తున్నదాన్ని కదిలించే ధైర్యం ఎవరికుంది?

చివరికి ఎవరో టైమ్‌జోన్ సరిచేశారు. అప్పటికి ఆ కుర్రాడు విసిగి మానేసి, యార్డులో ఇంకో కొట్టులో చేరాడు. చీటీలన్నీ ఇప్పుడు సరైన తేదీతోనే పడుతున్నాయి. "నేను మొదటే చెప్పానా లేదా" అంటున్నారు అంజనంవారు, టీ గ్లాసు వైపు చూస్తూ.