పెద్దోడి నిక్కరు

పండక్కి పెద్దోడికి కొత్త ప్యాంటు కుట్టించి, వాడి పాత నిక్కరుకి పిన్నీసు పెట్టి చిన్నోడికి తొడిగితే మన ఇళ్ళలో పొదుపంటారు. అమెరికాలో సముద్ర పరిశోధన అంటారు.

"యుద్ధంలో వాడిన ఓడని తుక్కుకి వేయకుండా సైన్సుకిచ్చారు, ఎంత పెద్ద మనసండీ!" అని మొన్న ఒక మిత్రుడు తెగ పొంగిపోయాడు. ఆ పెద్ద మనసు సంగతేంటో చూద్దాం.

ఓడ పేరు 'చైన్'. అవును, గొలుసే. మునిగిన, దెబ్బతిన్న ఓడల్ని లాక్కొచ్చే ఈ సాల్వేజ్ నౌకలకి నామకరణం చేసింది ఇనప సామాన్ల కొట్టు గుమాస్తా అయ్యుండాలి: కేబుల్, క్లాంప్, వాల్వ్, గేర్. ఒకదాని పేరు ఏకంగా 'స్నాచ్'. సముద్రాల్ని పరిశోధించే స్క్రిప్స్ సంస్థ చేతికొచ్చాక ఆ స్నాచ్‌కి గ్రీకు పురాణాల్లోని ఓడ పేరు 'ఆర్గో' తగిలించారు. అది మన హిందూ మహాసముద్రం దాకా వచ్చి వెళ్ళింది.

చైన్‌ని 1943లో నీళ్ళలోకి దించింది కాలిఫోర్నియాలోని బసాల్ట్ రాక్ కంపెనీ. యుద్ధం వచ్చేసరికి రాళ్ళ వ్యాపారం వాళ్ళు కూడా ఓడలు కట్టేశారు. 1958లో అదే ఓడ వుడ్స్ హోల్ అనే సముద్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలకి దక్కింది.

ఇక డెక్కు మీద దృశ్యం ఊహించుకోండి. ఒకప్పుడు ఓడల్నే ఈడ్చిన ఓడ. వించ్ గంటల తరబడి మూలుగుతూ తీగ చుట్టుకుంటోంది. అందరూ మెడలు చాచారు. చివరికి సముద్రం అడుగున గుచ్చిన గొట్టం పైకొచ్చింది. నిండా బురద! డాక్టరేట్లున్న పెద్దమనుషులు కొత్తావకాయ జాడీ చుట్టూ మూగినట్టు మూగారు. ఒకాయన వాసన చూశాడు. ఒకాయన వేళ్ళ మధ్య నలిపాడు. రంగు బూడిదా, గోధుమా అని ఇద్దరికి మాటామాటా పెరిగింది. మూలనున్న పాత నావికుడు "దీనికేనా?" అనుకుని సిగరెట్ ముట్టించాడు.

నవ్వండి. కానీ 1966లో ఎర్రసముద్రం అడుగున, కాలిపోయే ఉప్పునీటి కింద నుంచి ఈ ఓడ తీసిన బురదలో జింకు, రాగి, వెండి, బంగారం ఉన్నాయి. అంతే, బురదంటే ముక్కు మూసుకున్నవాళ్ళు కూడా లెక్కలు కట్టారు.

ఇంతకీ పెద్ద మనసో? ఈ పరిశోధనకి అమెరికా నేవీ డబ్బిచ్చింది చేపల మీద ప్రేమతో కాదు. నీళ్ళలో శబ్దం ఎలా పోతుందో తెలిస్తే సోవియట్ సబ్‌మెరైన్ ఎక్కడుందో తెలుస్తుంది. నిక్కరు చిన్నోడిదే, జేబులో చీటీ మాత్రం పెద్దోడిది! యుద్ధానికి కొత్త ఓడ, తెలుసుకోవడానికి వాడి పారేసిన ఓడా? ఇదేం న్యాయమయ్యా? ప్రపంచంలోని సముద్రాల అడుగున ఈ రోజుకీ సరిగ్గా కొలిచింది నాలుగో వంతు చిల్లర! అడిగితే డబ్బుల్లేవు! ఆ నోటితోనే కొత్త సబ్‌మెరైన్లకి ఆర్డరు!

అట్లాంటిక్ అడుగున, భూమధ్యరేఖ దగ్గర ఒక పెద్ద పగులుకి చైన్ పేరే ఉంది. ఈ మాట చెబితే మా మిత్రుడు కళ్ళు తుడుచుకున్నాడు.

"చూశారా, పగులు కూడా దానికే ఇచ్చేశారు!"