గ్రాము 842 రూపాయలు

మా చీమకుర్తిలో బరువంటే టన్నులే. క్వారీలోంచి బ్లాకు పైకి తీస్తే ఎన్ని టన్నులు, లారీకి ఎన్ని ఎక్కుతాయి, పోర్టు దాకా బాడుగ ఎంత, ఇదే మాట. అలాంటి చోట పద్నాలుగేళ్లుగా గ్రానైట్ లెక్కలు రాస్తున్న నేను ఈమధ్య రెండు నెలలపాటు గ్రాముల్లో బతికాను. 1,340 గ్రాములదా, 1,190 గ్రాములదా? ఒంగోలు నుంచి బస్సులో వెళ్తూ ఇదే, అన్నం కలుపుతూ ఇదే. ఆఫీసు పనికీ, సృజనాత్మకతకీ రెండింటికీ పనికొచ్చేది, తేలిగ్గా ఉండేది, నడుం వెనక్కి మడిచేది, పదిమందిలో తీస్తే పరువుగా ఉండేది, అలాంటి ల్యాప్‌టాప్ ఒకటి కొనాలని నిశ్చయించుకున్నాను.

ఈ సృజనాత్మకత మధ్యలో ఎక్కణ్ణుంచి వచ్చిందని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. లెక్కలు రాసేవాడు సృజన చూపిస్తే దాన్ని గుర్తించే శాఖ దేశంలో ఒక్కటే ఉంది, అది సన్మానపత్రం బదులు నోటీసు పంపుతుంది. తప్పంతా ఒక ప్రకటనది. అందులో గడ్డం కుర్రాడు కిటికీ పక్కన కూచుని, ల్యాప్‌టాప్‌ను పలకలాగా మడిచి, పెన్నుతో తిమింగలం బొమ్మ గీస్తుంటాడు. పక్కన కాఫీ పొగలు. ఆ కుర్రాడికి నెలాఖరు లేదు, పార్టీల బకాయిల్లేవు, ఓనరు ఫోన్ చెయ్యడు. చూసినకొద్దీ ఆ తిమింగలం నేనే గీస్తున్నట్టనిపించింది. నేను మాత్రం ఏం తక్కువ? మూడో తరగతిలో మార్కాపురం పలక మీద ఒంగోలు గిత్త బొమ్మ మొదలుపెట్టినవాణ్ణి. మూపురం దగ్గరికొచ్చేసరికి బలపం విరిగింది. కళ అక్కడే ఆగిపోయింది. పరికరం లోపమే తప్ప ప్రతిభ లోపం కాదని నలభై ఏళ్లుగా నా నమ్మకం.

కర్నూలు రోడ్డులో ఒక షాపుకు వెళ్లాను. కుర్రాడు వినయంగా, "వర్కా సార్, క్రియేటివిటీనా?" అన్నాడు. రెండూ అన్నాను. వాడి కళ్లలో వెలుగు చూడాల్సింది.

ముందు బ్రాండు గురించి చెప్పాడు. బ్రాండు సంగతి మాకొకరు చెప్పాలా? మా ఒంగోలు జాతి గొడ్లు బ్రెజిల్ వెళ్లి అక్కడ కోట్లల్లో పెరిగాయి, అక్కడివాళ్లు వాటిని 'నెలోర్' అంటారు. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది, మా జిల్లా పుట్టిందే 1970లో. గొడ్డు మాది, పేరు పక్కవాళ్లది. ల్యాప్‌టాపుల్లోనూ అంతే. లోపల ప్రాసెసరు ఇంటెల్‌దే, విండోస్ మైక్రోసాఫ్ట్‌దే, మూత మీద పేరొక్కటే వేరు. ఆ పేరుకు ముప్ఫై వేలు.

తర్వాత ప్రాసెసరు. మావైపు బండలాగుడు పందేల్లో గిత్తలకు విభాగాలుంటాయి: పాల పళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన జూనియర్లు, సీనియర్లు. ఇక్కడా అల్ట్రా 5, అల్ట్రా 7, అల్ట్రా 9. కుర్రాడు వాటి గుణగణాలు చెబుతుంటే తిరనాళ్లలో మైకు పట్టుకున్న వ్యాఖ్యాత గుర్తొచ్చాడు. తేడా ఒక్కటే. పందెంలో గిత్త మొదటి రౌండు ఎంత జోరుగా ఉరికిందని ఎవరూ బహుమతి ఇవ్వరు. ఇచ్చిన టైములో బండను ఎన్ని అడుగులు లాగిందో టేపు పెట్టి కొలుస్తారు. సన్నటి ల్యాప్‌టాప్ మొదటి రౌండు అద్భుతంగా ఉరుకుతుంది. లోపల గాలి ఆడే చోటు లేదు, ఫ్యాను చూస్తే పెసరట్టు మీద ఉల్లిపాయ చక్రమంత. వేడెక్కగానే తనంతట తానే నడక తగ్గించేస్తుంది. ఈ సంగతి షాపులో తెలియదు. షాపులో ఏసీ ఇరవై మీద ఉంటుంది, మా ఆఫీసులో సీలింగ్ ఫ్యాను మూడు మీద ఉంటుంది.

ఇంకో చిప్పు కూడా ఉందట, కృత్రిమ మేధకని ప్రత్యేకంగా. సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేస్తుందన్నాడు. వెంటనే లొంగిపోయాను. మా పెట్టీ క్యాష్‌లో నవంబరు నుంచి 37 రూపాయల తేడా ఉంది, ఇప్పటికీ దొరకలేదు. (ల్యాప్‌టాప్ వచ్చి మూడు నెలలైంది. తేడా అలాగే ఉంది.)

మెమరీ దగ్గర మాత్రం కాస్త భయపడ్డాను. బోర్డుకే అతికించి ఇస్తారట. నా పాతదానికి ఒంగోలు మెకానిక్ ఒకాయన స్క్రూలు విప్పి, ఇంకో ఎనిమిది జీబీ పెట్టి, నేను టీ తాగొచ్చేలోపు చేతికిచ్చాడు. ఇప్పుడు 16 తీసుకుంటే చచ్చేదాకా పదహారే. ఇలాంటి నిర్ణయం జీవితంలో ఇంతకుముందు ఒక్కసారే తీసుకున్నాను, అది కూడా పెద్దవాళ్లు చూసి చెప్పారు.

ఇక ఆ మడత. 2012లో లెనోవో వాళ్లు 'యోగా' అని పేరు పెట్టి, తెర 360 డిగ్రీలు వెనక్కి తిరిగే ల్యాప్‌టాప్ తెచ్చారు. అప్పట్నుంచి మిగతా కంపెనీలూ ఆసనాలు మొదలుపెట్టాయి. మామూలు ఆసనం, స్టాండు ఆసనం, టెంటు ఆసనం, పలక ఆసనం. టెంటు ఆసనం దేనికని అడిగితే, "వంటింట్లో పెట్టుకుని రెసిపీ చూడొచ్చు సార్" అన్నాడు. ఇరవయ్యేళ్లుగా మా ఆవిడ చేపల పులుసు పెడుతోంది, ఏ తెరా చూడలేదు. ఒకవేళ చూడాలన్నా, అంత ఖరీదైన వస్తువును చింతపండు గుజ్జు పక్కన నేను పెట్టనిస్తానా? పలక ఆసనంలో 1,340 గ్రాములు ఒక చేత్తో పట్టుకోవాలి. పది నిమిషాలకు భుజం లాగుతుంది. కింద కీలు వేళ్లకు తగులుతుంటాయి. అవి అప్పుడు పనిచెయ్యవని తెలుసు, అయినా ఏదో వోచరు డిలీట్ అయిపోతున్నట్టే ఉంటుంది.

ఇవన్నీ కొన్నాక తెలిశాయి. కొనేటప్పుడు మాత్రం కుర్రాడు తెరను అటు వంచి ఇటు వంచి చూపిస్తుంటే చప్పట్లొక్కటే తక్కువ. 1,59,990 రూపాయలు. అందులో 18 శాతం జీఎస్టీ, అంటే 24,405 రూపాయలు. ధర చూడగానే పన్ను విడదియ్యడం నాకు జబ్బు. సొంత డబ్బు కాబట్టి ఐటీసీ యోగం, అంటే కట్టిన పన్నును కంపెనీ పన్నులో సర్దుకునే యోగం కూడా లేదు.

మొదటిరోజు ఆఫీసులో లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ తెరిచి, సేల్స్ వోచరు కోసం ఎఫ్8 కొట్టాను. మూలన చిన్న విమానం బొమ్మ వచ్చింది, నెట్ పోయింది. మళ్లీ కొట్టాను, నెట్ వచ్చింది, వోచరు రాలేదు. ఈ ప్రీమియం ల్యాప్‌టాపుల్లో పైవరస కీలు తెర వెలుగుకీ, సౌండుకీ, విమాన ప్రయాణానికీ అంకితం. మామూలు ఎఫ్8 కావాలంటే ఇంకో కీ కలిపి నొక్కాలి, లేదా సెట్టింగు మార్చుకోవాలి. విమానం ఎక్కేవాళ్ల కోసం చేసిన వస్తువు మరి, ఆర్టీసీ బస్సు వాళ్ల గొడవ దానికేం తెలుసు? ఇంతలో కుడిచేయి అలవాటు ప్రకారం అంకెల కోసం కీబోర్డు కుడిపక్కకు వెళ్లింది. అక్కడ బల్ల తగిలింది. పద్నాలుగు అంగుళాల దాంట్లో నంబర్ ప్యాడ్ ఉండదు. రెండు నెలలు పరిశోధించాను, తెరలో 51 లక్షల 84 వేల చుక్కలున్నాయని లెక్కగట్టాను, అంకెల కీలు ఉన్నాయా లేవా అని మాత్రం చూసుకోలేదు. అకౌంటెంటుని!

మధ్యాహ్నం యార్డులో బ్లాకుల కొలతలు అక్కడికక్కడే పెన్నుతో రాద్దామని పలక ఆసనంలో బయటికి తీసుకెళ్లాను. అద్దంలాంటి ఓఎల్ఈడీ తెర, నడినెత్తిన ఎండ. కొలతలు కనిపించలేదు, నా మొహం కనిపించింది. ఇన్నేళ్లలో అంత స్పష్టంగా ఎప్పుడూ చూసుకోలేదు. మేస్త్రీ కాసేపు చూసి, జేబులోంచి చాక్‌పీసు తీసి, రాయి మీదే రాసిచ్చాడు. ఫోటో తీసుకున్నాను, ఫోన్‌తో.

ఇరవయ్యో తేదీ వచ్చింది. నెలనెలా వేసే జీఎస్టీ 3బీ రిటర్నుకు ఆఖరు రోజు. దాటితే రోజుకు 50 రూపాయలు, పైన వడ్డీ, ఆపైన ఓనరు. కంపెనీ రిటర్ను కాబట్టి డిజిటల్ సంతకం ఉండే డీఎస్‌సీ టోకెను పెట్టి సంతకం చెయ్యాలి. టోకెను పాత పెన్‌డ్రైవులా పలకల మూతిది. ల్యాప్‌టాప్‌కు అటొకటి ఇటొకటి రెండే బెజ్జాలు, రెండూ కోలగా, చీమ దూరేంత. చివరికి రాత్రి ఏడున్నరకు మొబైల్ రీచార్జ్ కొట్టులో ఆ మూతిని ఈ బెజ్జానికి కలిపే ఓటీజీ ముక్క దొరికింది. అది 120 రూపాయలు. లక్షా అరవై వేల యంత్రం పరువు ఆ రాత్రి దాని మీద నిలబడింది.

ఆ వారమే బెజ్జాలు పెంచే హబ్బు ఒకటి, ఒక నంబర్ ప్యాడ్, పాత ఫైళ్లకు ఒక హార్డ్ డిస్కు, తెర పగులుతుందేమోనన్న భయానికి ఒక గట్టి కేసు కొన్నాను. బ్యాగు భుజానికి వేసుకుంటే ఏదో అనుమానం వచ్చింది. తిన్నగా మా వీధి చివర శెట్టిగారి కొట్టుకు వెళ్లాను.

శెట్టిగారు కాటా మీద రెండు కందిపప్పు పలుకులు ఊదేసి, అరచేత్తో తుడిచి, సున్నా చూపించి, "పెట్టండి" అన్నారు. ల్యాప్‌టాప్ 1,340. కంపెనీ అబద్ధం చెప్పలేదు. ఛార్జరు 310. దాన్ని బరువులో కలిపి చెప్పే ఆచారం ఏ కంపెనీకీ లేదు, దాన్ని వదిలి ఆఫీసుకు వెళ్లే ధైర్యం నాకూ లేదు. హబ్బు 90. నంబర్ ప్యాడ్ 140. పెన్ను 15. కేసు 345. హార్డ్ డిస్కు 170. శెట్టిగారు అలవాటు కొద్దీ కాగితం మీద కూడుకుంటూ వచ్చి, కింద గీత గీసి, 2,410 అన్నారు. "ఇంకేమన్నా కావాలా?"

పాత ల్యాప్‌టాప్ ఛార్జరుతో కలిపి 2,600. దానికి నంబర్ ప్యాడ్ ఒంట్లోనే ఉంది, బెజ్జాలన్నీ ఉన్నాయి, కేసు అక్కర్లేదు. అంటే నా భుజం మీద తగ్గింది 190 గ్రాములు. 1,59,990ని 190తో భాగించాను. గ్రాము 842 రూపాయలు. వెండి కంటే ఎక్కువ, బంగారం కంటే తక్కువ, కాబట్టి మధ్యతరగతికి తగినదే. శెట్టిగారు నా కడుపు వైపు ఒకసారి చూశారు, మర్యాదస్తుడు, ఏమీ అనలేదు.

ఆదివారం మామయ్య పల్లె నుంచి వచ్చాడు. ఒకప్పుడు ఊళ్లో ఎవరు గిత్తను కొనాలన్నా ఆయన చూసి సరేనంటేనే బేరం. కొత్త ల్యాప్‌టాప్ అనగానే కళ్లజోడు పెట్టుకున్నాడు. మూత తెరిచి కీల వరస మీద బొటనవేలు నడిపాడు. "పళ్లు బాగానే ఉండాయి." తెరను మెల్లగా వెనక్కి వంచాడు, ఇంకా వంచాడు, అది అవతలికి పోయి వీపుకు అంటుకునేదాకా వంచి, చేతులు దులుపుకున్నాడు. "ఏందిరా అల్లుడా, నడుం ఇంత వంగేది దుక్కికి పనికొస్తదా?"

ఆఫీసు పని సంగతి పక్కన పెట్టు మామయ్యా, అసలు దీన్ని తెచ్చింది కళ కోసం అని చెప్పి, పెన్ను తీశాను. 4,096 స్థాయిల ఒత్తిడిని గుర్తుపట్టే పెన్ను. మార్చి నెలాఖరున మా ఆఫీసులో కూడా అన్ని ఉండవు. నలభై ఏళ్ల కింద ఆగిపోయిన చోటే మొదలుపెట్టి, కొమ్ములు, గంగడోలు, మూపురం, తోక, అన్నీ పూర్తి చేసి, రెండు చేతులతో ఆయన ముందు పెట్టాను.

మామయ్య చాలాసేపు చూశాడు. దూరంగా పట్టుకుని చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"బాగుందిరా," అన్నాడు. "కాకపోతే బర్రెకి మూపురం ఎందుకు పెట్టావు?"