విమానంలో ఫోన్ లైన్ల లెక్క గారికి

అయ్యా లెక్క గారూ,

నమస్కారాలు. మీరు క్షేమంగానే ఉంటారు లెండి, మీరెప్పుడూ విమానం ఎక్కరుగా, ఎవరి ల్యాప్‌టాప్‌లోనో ఎక్సెల్ షీట్‌లో కూర్చుంటారు. మేం ఎక్కాం. గల్ఫ్ నుంచి వస్తుంటే, శంషాబాద్‌లో పొగమంచు, దిగడం కుదరదు, బెంగళూరు పోతున్నాం అన్నాడు కెప్టెన్. కింద మా మామయ్య అర్ధరాత్రి నుంచి కారు పెట్టుకుని కూర్చున్నారు, ఆయనకసలే బీపీ. డబ్బు పోసి ఇన్‌ఫ్లైట్ రోమింగ్ ప్యాక్ కొన్నాను కదా అని ధీమాగా ఫోన్ కలిపాను. నెట్‌వర్క్ బిజీ. బెంగళూరులో కిందికి దిగడం మొదలెట్టేదాకా బిజీయే.

మీ వంశం నాకు తెలియంది కాదు. కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ మహాశయుడు 1917లో, ఎన్ని లైన్లుంటే ఎందరికి బిజీ వస్తుందో చెప్పే ఫార్ములా ఇచ్చాడు. ఆయన మీద నాకేం కోపం లేదు. ఆయన రెండు షరతులు పెట్టుకున్నాడు. ఎవరి ఫోన్ వాళ్ళు ఎవరికి తోచినప్పుడు వాళ్ళు చేసుకుంటారు, బిజీ వచ్చినవాడు బుద్ధిగా ఊరుకుంటాడు. ఊరి ఎక్స్‌ఛేంజీకి అది చాలు.

మరి తమరు? 300 మంది, గంటకి ఓ 30 కాల్స్, ఒక్కోటి 3 నిమిషాలు, అంటే 1.5 ఎర్లాంగులు అనుకుందాం (ఒక లైను ఆగకుండా నిండి ఉంటే ఒక ఎర్లాంగు, ఆయన పేరే). విమానంలో పెట్టే బుల్లి టవర్‌లో ఒక జీఎస్ఎం క్యారియర్‌కి, అంటే మొబైల్ సిగ్నల్ మోసే ఒక రేడియో దారికి, 8 స్లాట్లు (లైన్లనుకోండి), కాల్ కలిపే సిగ్నలింగ్‌కి ఒకటి పోతే 7. వెయ్యి కాల్స్‌లో ఒకటి కూడా బిజీ రాదు! ప్రెజెంటేషన్‌లో చప్పట్లు కూడా కొట్టే ఉంటారు.

కెప్టెన్ మైకు తీసుకున్నాక సంగతి చూడండి. పది నిమిషాల్లో వందమంది రెండేసి నిమిషాలు మాట్లాడాలనుకుంటే 20 ఎర్లాంగులు. ఏడు లైన్ల మీద! ముగ్గురిలో ఇద్దరికి బిజీ. ఇదీ ఊరుకునేవాళ్ళ లెక్కే, బిజీ వస్తే ఊరుకునే తెలుగువాడు మీకెక్కడ దొరికాడండీ? రీడయల్ మీద రీడయల్. పోనీ మెసేజ్ పెడదామా అంటే, మెసేజ్ వెళ్ళేదీ కాల్ కలిపే పనులు జరిగేదీ ఆ సిగ్నలింగ్ దారిలోనే, దాన్ని మా రీడయళ్ళే తొక్కేశాయి. పైగా పొగమంచు మా ఒక్క విమానానికే పట్టదుగా, విమానం కాల్స్ శాటిలైట్ మీదుగానే నేలకి చేరాలి, చుట్టూ తిరుగుతున్నవన్నీ అదే శాటిలైట్ బీమ్‌ని (సిగ్నల్ పుంజాన్ని) పంచుకోవాలంటే ఇంకేం మిగులుతుంది?

లైన్ దొరికిన ముందు సీటు పెద్దాయన భాగ్యం కూడా చూశాను. మాట 36 వేల కిలోమీటర్ల పైకెళ్ళి దిగి, జవాబు మళ్ళీ అలాగే తిరిగొచ్చేసరికి అర సెకను. ఆయన హలో అంటే అవతల ఆవిడా హలో. కాల్ సగం హలోలకే సరి.

అమెరికాలో 1984లో మొదలైన ఎయిర్‌ఫోన్‌ది, అంటే విమానంలోనే ఉండే డబ్బు ఫోన్‌ది, వేరే గోల, రేటు చూసి జనం దాన్ని ముట్టుకోవడమే మానేశారు, 2006లో మూసేశారు. అప్పుడు లైన్లున్నాయి, మాట్లాడేవాళ్ళు లేరు.

బరువు, శాటిలైట్ అద్దె, అన్నీ నాకూ తెలుసు. ఏడు విస్తళ్ళే వేసుకో, తప్పులేదు. వందమందికి భోజనం కూపన్లు ఎందుకమ్మావు? అందరికీ ఒకేసారి అవసరం పడితే పనిచేయదు అని ప్యాక్ మీద ఒక్క ముక్క రాయడానికి నీకు చేతులు రాలేదా? విమానంలో అందరికీ అవసరం పడేది ఒకేసారి కాక ఇంకెప్పుడు? మెసేజ్ అంటే ఎంత, నూట నలభై బైట్లే. అనౌన్స్‌మెంట్ వచ్చాక ఓ పది నిమిషాలు కాల్స్ ఆపి మెసేజ్‌లు మాత్రం వదిలితే విమానమంతా కబురు చెప్పేసి కళ్ళు మూసుకునేది. ఆ మాత్రం ఆలోచించేవాడు మీ ఆఫీసులో ఒక్కడు లేడా?

వచ్చే జనవరిలో మళ్ళీ వస్తున్నాను. మంచు కూడా వస్తుంది.

ఇట్లు,
మీ లెక్కలో 0.2 ఎర్లాంగు